కొండకింద కాపురం – పద్నాలుగో వారం

పోయినవారం లోకేశ్వరిని మంచినీళ్ల చెంబుతో గడపలో నిలబెట్టి వదిలేశాం. గురువారం మధ్యాహ్నం గూడూరు బస్సు దిగి వచ్చిన బావగారు దామోదరం ఆ చెంబు అందుకోకుండానే, "సోమవారం మంచిరోజు. లారీ తెస్తా. సామాన్లు సర్దుకోండి, గూడూరుకు పోదాం" అనేశాడు. కాళ్లయినా కడుక్కోలేదు. మూడేళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట, ఇంక ఆపుకోలేకపోయాడు. లోకేశ్వరి అవుననలేదు, కాదనలేదు. శనివారం మధ్యాహ్నం వరకు గడువడిగింది.

ఆ శనివారం రానే వచ్చింది. అది అరవవాళ్ల పెరటాసి నెలలో మూడో శనివారం.

పెరటాసి శనివారమంటే ఏమిటో తిరుపతిలో కాపురమున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. లేనివాళ్లకు ఎంత చెప్పినా తెలియదు. కొండకొచ్చే జనంతో ఊరు నిండిపోతుంది. సొరకాయ మొదలు ఆటో దాకా అన్నిటి ధరలూ లేస్తాయి. రోజు విడిచి రోజు వచ్చే కొళాయి మూడు రోజులకొకసారి వస్తుంది, అదీ అరగంట. ఆ ఏడాది వానలు కూడా మొహం చాటేశాయి కాబట్టి, ట్యాంకరు హారన్ వినబడితే చాలు, ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వీధి మొగదలకు పరుగు తీసేవాళ్లు. ఇవి ఊరందరి కష్టాలు. లోకేశ్వరి ఇంటికి ఇంకో కష్టం అదనంగా ఉంది, అది మొగుడు తెచ్చిపెట్టింది.

రెండేళ్ల కిందట తన చెల్లెలి పెళ్లిలో, గూడూరు కల్యాణమంటపంలో, చదివింపులు చదవమని ఆ మొగుడు మునిప్రసాద్ చేతికి ఎవరో మైకిచ్చారు. మనిషి మంచివాడు, మైకు దొరికేసరికి ఇంకా మంచివాడైపోయాడు. చదివింపులన్నీ అయిపోయాక, "మా పాప కోసం తిరుపతిలో కాపురం పెట్టినాం. కొండకొచ్చేవాళ్లు ఎవరైనా సరే, మా ఇంట్లో దిగకుండా పోతే నా మీద ఒట్టే" అన్నాడు. అంతటితో ఆగాడా, ఇంటి అడ్రసు రెండుసార్లు చదివాడు. ఆ రోజు మంటపంలో ఏడెనిమిది వందలమంది భోంచేశారు. వాళ్లలో ఆ ఒట్టు దాటినవాడు ఇప్పటిదాకా కనబడలేదు.

ఇంతకూ ఆయన ఉద్యోగం చేసేది లాడ్జిలో. పొద్దంతా కౌంటర్లో కూర్చుని గదుల తాళాలిస్తాడు. గదులు లేవని రోజుకు వందమందికి మొహమ్మీదే చెప్తాడు. ఇంటికొచ్చాక ఒక్కడికి చెప్పలేడు.

ఈ శనివారం ఆ రెండు గదుల ఇంట్లో గూడూరు నిమ్మకాయల మండీ కుప్పయ్య, ఆయన తాలూకు ఎనిమిదిమంది దిగి ఉన్నారు. దామోదరంతో పాటే గురువారం వచ్చినవాళ్లు. కొండకెళ్లి, తలనీలాలిచ్చి, పొద్దున్నే దిగారు. వరండాలో గంధం పూసిన గుండ్లు వరసగా ఆరుతున్నాయి. కుప్పయ్య అంత పెద్దమనిషి కూడా గుండుతో కుర్రాడిలా ఉన్నాడు. పాపం వాళ్లను ఏమనడానికీ లేదు. ఒక సంచీ నిండా నిమ్మకాయలు తెచ్చారు, పెద్ద లడ్డు తెచ్చిపెట్టారు, తిన్న ఆకులు వాళ్లే తీస్తున్నారు. కాకపోతే తొమ్మిదిమందికీ తొమ్మిది స్నానాలు.

లోకేశ్వరి వంటింట్లో చారు దించి గోడగడియారం వైపు చూసింది. పన్నెండున్నర. రెండింటికి క్లాసు. ఒకటిన్నరకల్లా ఇల్లు కదలాలి.

ఈ క్లాసు సంగతి కొత్తగా చదువుతున్నవాళ్లకు చెప్పాలి. లోకేశ్వరి కూతురు నవీనకు ఏడేళ్లు. పుట్టుచెవుడు. చెవికి మిషను పెట్టినా దూరంగా ఏదో మోగినట్టు తెలుస్తుందే తప్ప మాట మాటగా తెలియదు. అలాంటి పిల్లలకు పెదవులు చూసి మాట అర్థం చేసుకోవడం, గొంతుతో మాట పలకడం నేర్పే బడి తిరుపతిలో ఒకటుంది. చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. బిడ్డతో పాటు తల్లి కూడా రోజూ పక్కన కూర్చోవాలి. బళ్లో చెప్పింది ఇంట్లో మళ్లీ చేయించాలి. దానికోసమే మూడేళ్ల కిందట గూడూరులో పెద్ద ఇల్లూ, నిమ్మతోటా వదులుకుని వచ్చి, ఈ రెండు గదులకు గూడూరులో అయితే ఒక మేడకిచ్చేంత బాడిగ కడుతున్నారు.

గురువారం దిగినవాళ్లకు వండి వార్చడంలో క్లాసు పోయింది. శుక్రవారం ట్యాంకరు రాలేదు, బోరింగు దగ్గర బిందెల వరసలో నిలబడి క్లాసు పోయింది. సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, టీచరు శకుంతలమ్మ గట్టిగా అరవలేదు. "చెప్పకుండా మూడు రోజులు మానితే సీటు ఇంకో బిడ్డకు పోతుంది, మీకు తెలుసు కదమ్మా. పన్నెండుమంది కాచుకుని ఉన్నారు. రేపు తప్పకుండా రండి" అంది. అరిచినా బాగుండేదని లోకేశ్వరికి అనిపించింది.

"అమ్మాయ్, రోంత వేడినీళ్లు దొరుకుతాయా? చిన్నోడికి గుండు మంటగా ఉండాదంట" అన్నాడు కుప్పయ్య వంటింటి గుమ్మంలోంచి.

"పొయ్యి మీద పెట్టినా మామా" అంది లోకేశ్వరి. పెట్టలేదు. అప్పుడు పెట్టింది.

భోజనాలయ్యాయి. ఒంటిగంటకు ఐదు నిమిషాలుందనగా లోకేశ్వరి చీర మార్చుకుని, నవీనకు జడ వేసి, చెవి మిషనులో బ్యాటరీ మార్చి, బొమ్మల పుస్తకాల సంచీ తగిలించింది. సరిగ్గా అప్పుడే దామోదరం ముందుగదిలో కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. పక్కన నేల మీద, గూడూరు నుంచి ఆయనతోనే వచ్చిన అత్త జ్ఞానాంబ గోరుచిక్కుళ్లు గిల్లుతోంది. లాడ్జిలో అరపూట సెలవు పెట్టి వచ్చిన మునిప్రసాద్ గోడకానుకుని నిలబడ్డాడు.

"రామ్మా లోకేశ్వరీ. గడువు అయిపోయినాది కదా" అన్నాడు దామోదరం.

చెడ్డవాడైతే లోకేశ్వరికి ఇంత చిక్కు లేకపోయేది. నాలుగు మాటలని, తలుపేసుకునేది. దామోదరం చెడ్డవాడు కాదు. తమ్ముడు వచ్చేసినప్పటి నుంచి తోట, మండీ ఒక్కడే ఈడ్చుకొస్తూ, ఏటా బియ్యం బస్తాలు ఈ ఇంటికి వేయిస్తున్న మనిషి. నవీనంటే ఆయనకు ప్రాణం. ఆయన ముందు గొంతు పెంచి మాట్లాడడానికి లోకేశ్వరికి నోరు రాదు.

"నేనొకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు" అన్నాడాయన. "ఈ ఊర్లో మీరు నీళ్లు కొంటాండారు. గాలాడని రెండు గదులకు బాడిగ కడతాండారు. నా తమ్ముడు పన్నెండు గంటలు లాడ్జిలో కూచోని నడుం పోగొట్టుకున్నాడు. నువ్వు ఎట్లుండేదానివి, ఎట్లయినావు. ఇంత పోసి మీరు కొనేది ఏందమ్మా?"

"మాట కొంటాండాం బావా" అంది లోకేశ్వరి.

"ఎన్ని కొన్నారు?"

ఆ ప్రశ్న ఎగతాళిగా అడగలేదాయన, నిజంగానే అడిగాడు. అందుకే ఎక్కువ తగిలింది. లోకేశ్వరి బీరువా తలుపు తెరిచి చూపించింది. తలుపు లోపలివైపు నాలుగు కాగితాలు అంటించి ఉన్నాయి. నవీన పలికిన ఒక్కో మాట, పక్కన అది మొదటిసారి పలికిన తేదీ. అమ్మ. నీళ్లు. పాలు. అన్నం. బస్సు. పిల్లి.

"నూట ముప్పై రెండు" అంది. "నీళ్లు అనేదానికి నలభై రోజులు పట్టినాది. పిల్లి మాత్రం ఒక్క పూటలో వచ్చేసినాది."

దామోదరం లేచి వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని, ఆ కాగితాలు మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తేదీలతో సహా చదివాడు. చదివి నిట్టూర్చాడు.

"ఇవి మాటలేనమ్మా, కాదనను. కానీ మాట్లాడటం ఏదీ? ఒక మాట పక్కన ఇంకో మాట పెట్టేది ఇంతవరకు నేను వినలే. నువ్వు విన్నావా?"

లోకేశ్వరి వినలేదు. రోజూ క్లాసులో శకుంతలమ్మ ఎదురుచూసేది కూడా దానికోసమే. నేర్పించినవి ఒక్కొక్కటే పలుకుతుంది, బొమ్మ చూపిస్తే చెప్తుంది. తనకు కావలసింది తనంతట తాను గుదిగుచ్చి చెప్పడం ఇంకా రాలేదు. వస్తుందని టీచరంటుంది. ఎప్పుడని అడిగితే చెప్పదు.

"గూడూరులో అయితే ఆ బిడ్డకు ఏ లోటూ లేదు" అన్నాడు దామోదరం. "మా అమ్మా, అదీ చేతులతోనే మాట్లాడుకుంటారు. పాలాయనకు, మండీలో మూటలు మోసేవాళ్లకు, అంగడి శెట్టికి, అందరికీ దాని చెయ్యి తెలుసు. పోయి బెల్లం అడిగి తెచ్చుకుంటాది. మొన్న ఎండాకాలం వచ్చినప్పుడు ఎట్ల తిరిగింది, నువ్వే సూసినావు కదా. ఈ ఊర్లో దాని చెయ్యి ఎవరికి తెలుసు?"

"ఆ చేతులు గూడూరులో రెండు వీధులకే చెల్తాయి బావా" అంది లోకేశ్వరి. "వెంకటగిరి బస్సెక్కితే కండక్టరుకు తెలుసునా? రేపు పెద్దదయి ఒంట్లో బాగలేక ఆస్పత్రికి పోతే, నొప్పి యాడుండాదో డాక్టరుకు ఆ చేతులతో చెప్పగలదా? అత్త ఎల్లకాలం ఉంటాదా? నేనుంటానా? ఊరు దాటినా చెల్లే మాట కావాలంటాండా నా బిడ్డకు. అది దొరికే చోటు ఈ ఊరే. ఎంత ఎచ్చయినా ఇదే."

జ్ఞానాంబ తల ఎత్తలేదు. గోరుచిక్కుళ్లు ఒక్కొక్కటే గిల్లుతూ ఉంది. మొదటి నాలుగేళ్లూ నవీనను ఒళ్లో పెట్టుకుని పెంచింది ఆమే. నిమ్మకాయంటే నాలుక బయటపెట్టి కళ్లు చిట్లించడం, పెదనాయనంటే బొజ్జ నిమరడం, ఇవన్నీ అవ్వా మనవరాలూ కలిసి కల్పించుకున్నవే. తిరుపతి బళ్లో వాటికి చోటు లేదు. చెయ్యి ఊపితే గొంతు రాదని, క్లాసులో పిల్లలంతా చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చోవాలి. ఇంట్లో కూడా సైగ చేస్తే తల్లులు పలకకూడదు. లోకేశ్వరి మూడేళ్లుగా పలకలేదు. చూసీ చూడనట్టే ఉంటోంది.

"మీరేం చెప్తారు?" అంది మొగుడి వైపు తిరిగి. "మీ అన్న లారీ అంటాండాడు. మీరు గోడ పట్టుకోని నిలబడినారు. చెప్పండి."

గడియారం ఒంటిగంట కొట్టింది. వరండాలో కుప్పయ్య మనుషులు మాటలాపేశారు. అలాంటప్పుడు వినకుండా ఉండడం ఎవరి తరమూ కాదు.

"నేను లాడ్జిలో చెప్పేసినా లోకా" అన్నాడు మునిప్రసాద్. "ఈ నెలాఖరుకు మానేస్తానని."

"ఎప్పుడు చెప్పినారు?"

"పెరటాసి పుట్టకముందే."

అంటే మూడు వారాలైనా అయింది. అంటే బావగారు కాళ్లు కడుక్కోకుండా అన్న మాట ఆయన ఒక్కడిదే కాదు. ఈ ఇంట్లోంచి వెళ్లి, గూడూరు తిరిగి, బస్సెక్కి వచ్చింది. గడువు అడిగినప్పుడు తన మొగుడు పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమీ తెలియనట్టు ఫ్యాను స్పీడు పెంచాడు. లోకేశ్వరికి ఒళ్లంతా మండిపోయింది. ఇంటి నిండా పరాయివాళ్లు ఉన్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజు ఏం జరిగేదో.

"నాతో ఒక మాట అనలేదే" అంది.

"అంటే నువ్వు ఒప్పుకోవు."

"ఒప్పుకోనని తెలిసే చేసినారు కదా."

"నువ్వు ఎట్లుండావో నీకు కనపడ్లా లోకా." మునిప్రసాద్ గోడ వదిలి ఒక అడుగు ముందుకొచ్చాడు. మైకు లేకుండా ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడడం లోకేశ్వరి ఎప్పుడూ చూడలేదు. "కంచం ముందర పెట్టుకోని, అన్నం అనేదాకా దాని చెయ్యి పట్టుకోని కూచుంటావు. అది ఏడుస్తాది. నువ్వు వదలవు. ఆకలితో అది అన్నం అంటాది, అప్పుడు పెడతావు, బీరువా తలుపు మీద రాసుకుంటావు. అది సూడలేక నేను లాడ్జిలోనే తింటాండా. ఈ సంగతి నీకు తెలుసునా? ఖర్చుకు భయపడి కాదు నేను పోదామనేది. బాడిగ నేను యెట్లో కడతా. ఇది మాత్రం నా చేత కాదు."

"నాకు మాత్రం సరదానా?" అంది లోకేశ్వరి. ఈసారి గొంతు పెరిగింది. బావగారున్నారని కూడా చూడలేదు. "మీరు సూడలేక లాడ్జికి పోతారు. నేను యాడికి పోవాల? అది ఏడుస్తాంటే నా కడుపులో ఎట్లుంటాదో మీరెప్పుడన్నా అడిగినారా? ఈడిదాకా వచ్చి ఇప్పుడు వెనక్కి పోతే ఆ నలభై రోజులు దేనికి? అది తాగని నీళ్లన్నీ దేనికి?"

దామోదరం మళ్లీ కుర్చీలో కూర్చుని, తలపాగా తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వంటింట్లో పెట్టిన వేడినీళ్లు కాగి మూత కదులుతోంది, దాన్ని దించే మనిషి లేదు.

ఇంతసేపూ పెద్దవాళ్లందరూ ఒక పొరపాటు చేస్తూ వచ్చారు. చెవిటి బిడ్డ కదా అని దాని ముందరే అన్నీ మాట్లాడుకున్నారు. నవీన రెండు గదుల మధ్య గుమ్మంలో పుస్తకాల సంచీతో నిలబడి, ఎవరు మాట్లాడితే వాళ్ల మొహం వైపు తిరుగుతూ ఉంది. పెదనాయన, అమ్మ, పెదనాయన, నాయన, అమ్మ. పెదవులు చూడమని దానికి రోజూ నేర్పించింది లోకేశ్వరే. తీరా అది చూస్తున్నప్పుడు మాత్రం ఆమెకు ఆ సంగతే గుర్తు లేకపోయింది.

నవీన గుమ్మం దిగి గది మధ్యలోకి వచ్చింది. పెదవులు ఒకసారి తడుపుకుంది.

"నాకు" అంది.

అందరూ అటు తిరిగారు.

"నాకు ఇక్కడ వద్దు."

గొంతు కొంచెం ముక్కులోంచి వచ్చింది. వద్దు అనే మాట బరువుగా, ఉండవలసిన దానికన్నా గట్టిగా పడింది. కానీ స్పష్టంగా ఉంది. వరండాలో ఉన్న కుప్పయ్యకు కూడా అర్థమయ్యేంత స్పష్టంగా ఉంది. ఆ ఇంట్లో ఇక్కడ అనేవాళ్లు ఎవరూ లేరు, అందరూ ఈడ అనేవాళ్లే. అది బళ్లో నేర్చుకున్న మాట. మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టింది మాత్రం ఎవరూ నేర్పలేదు.

దాచిపెట్టడం దేనికి, లోకేశ్వరికి ముందు కలిగింది సంతోషమే. మాట పక్కన మాట పెట్టింది, తనంతట తానే పెట్టింది అనుకుంది. చెయ్యి అప్రయత్నంగా బీరువా తలుపు మీదున్న పెన్సిల్ కోసం కూడా పోయింది. ఆ తర్వాత ఆ మాటల అర్థం తగిలింది. పెన్సిల్ దాకా పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మునిప్రసాద్ గోడవారగా కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. గెలిచినవాడు దామోదరమే అయినా ఆయన మొహంలో గెలుపు లేదు. తువ్వాలుతో కళ్లు ఒత్తుకుని, "మాట్లాడినాది" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

లోకేశ్వరి కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మొహానికి మొహం సరిగ్గా ఎదురుగా పెట్టి, పెదవులు కనబడేలా నెమ్మదిగా అడిగింది.

"ఎందుకు?"

నవీన నోరు తెరిచింది. ఏదో వెతుక్కుంది. నూట ముప్పై రెండు మాటల్లో అది చెప్పడానికి కావలసింది లేదు కాబోలు, నోరు మూసింది. చేతులు పైకి లేచాయి. సగం లేచాక తల్లి మొహం చూసి, తప్పు చేసినదానిలా గబుక్కున రెండూ వెనక్కి పెట్టుకుంది.

"చెప్పు" అంది లోకేశ్వరి. "చేత్తోనే చెప్పు."

నవీన నమ్మలేదు. అవ్వ వైపు చూసింది. జ్ఞానాంబ తల ఊపింది. అప్పుడు చేతులు ముందుకొచ్చాయి. వేలితో ముక్కు పక్క తాకింది, దూరంగా ఎటో చూపించింది. అరచెయ్యి నేలకు తిప్పి తల అడ్డంగా ఊపింది. రెండు చేతులతో కళ్ల ముందు సున్నాలు చుట్టి, రెండు వేళ్లు చూపించింది. మళ్లీ ముక్కు పక్క తాకి, మళ్లీ దూరంగా చూపించింది. గూడూరు పాలాయనకైతే ఇట్టే తెలిసిపోయేది. కన్నతల్లికి ఒక్క ముక్కా తెలియలేదు.

ఆ బిడ్డను పక్కన పెట్టుకుని మూడేళ్లు కూర్చున్న మనిషి, ఆ బిడ్డ చెప్పేది అర్థంకాక, తలెత్తి అత్తను అడగవలసి వచ్చింది. లోకేశ్వరి జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

"అత్తా, ఏమంటాండాది?"

జ్ఞానాంబ చిక్కుళ్ల చేట పక్కకు జరిపింది. "కుప్పయ్యా, మీవాళ్లను తీసుకోని రోంతసేపు బయట అరుగు మీద కూచోప్పా" అంది. వాళ్లు చప్పుడు చేయకుండా లేచిపోయారు. అందరూ వెళ్లేదాకా ఆగింది.

"నన్ను సెప్పమంటావా?"

"చెప్పండి."

"ముక్కుపుడక అంటే నువ్వు. కండ్లద్దాలంటే మీ టీచరమ్మ." జ్ఞానాంబ కోడలి వైపు చూడకుండా, మనవరాలి వైపే చూస్తూ చెప్పింది. "ఈ ఊర్లో అమ్మ లేదంట. ఇద్దరు టీచరమ్మలు ఉండారంట. బళ్లో ఒకరు, ఇంట్లో ఒకరు. అమ్మ గూడూరులోనే ఉండిపోయినాదంట. ఆడికి పోతే కనపడతాదంటాండాది."

లోకేశ్వరి ఏడవలేదు. ఏడుపు వచ్చే చోటు కూడా ఎండిపోయినట్టయింది. కూతురి జడలో రిబ్బను వదులైతే సరిచేసింది. ఎండాకాలం గూడూరు వెళ్లిన ఇరవై రోజులూ తను నీళ్లకు మాట అడగలేదు. సెలవులే కదా అని వదిలేసింది. కడుపునిండా తినిపించింది, ఒళ్లో పడుకోబెట్టుకుంది. అది సెలవనుకున్నది తను. అది అమ్మ అనుకున్నది నవీన.

గడియారం ఒకటీ ఇరవై ఐదు.

"అమ్మాయ్" అన్నాడు దామోదరం, చాలా మెత్తగా. "బిడ్డే చెప్పేసినాది కదా. లారీకి చెప్పేదా?"

లోకేశ్వరి లేచింది. చెంగుతో మొహం తుడుచుకుంది. వంటింట్లోకి వెళ్లి కాగిన నీళ్లు దించి, బకెట్లో చన్నీళ్లతో తొరిపి, "మామా, నీళ్లు" అని బయటికి కేకేసి వచ్చింది. మేకుకున్న గొడుగు తీసుకుంది.

"అత్తా, చెప్పులేసుకోండి. మీరూ బడికి రావాల."

"నేనా? నేనొచ్చి ఏం చేసేది?"

"ఇప్పుడు నాకు చెప్పినారే, అది టీచరమ్మకు చెప్పాల. ఈ చేతులు ఆమె కూడా సూడాల. సూసినాక కూడా వెనక్కి కట్టమంటే, ఆ ముక్క ఆమె నోటితో నేను వినాల."

జ్ఞానాంబ ఒక్క క్షణం కోడలి మొహంలోకి చూసి లేచింది. మనవరాలు పరుగెత్తి వెళ్లి అవ్వ చెయ్యి పట్టుకుంది. లోకేశ్వరి రెండో చెయ్యి అందుకోబోయింది. నవీన ఆ చెయ్యి ఇవ్వలేదు, పుస్తకాల సంచీ మీద పెట్టుకుంది. లోకేశ్వరి బలవంతం చేయలేదు. రోజూలా అయితే చేసేది.

మునిప్రసాద్ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "లోకా, సీటు కోసం పోతాండావా, టీసీ అడిగేదానికి పోతాండావా? ఏదో ఒకటి చెప్పిపో. అన్నకు ఏం చెప్పమంటావు?"

లోకేశ్వరి గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. మొగుడిని దాటి, కుర్చీలోంచి లేచి వస్తున్న బావగారి వైపు చూసింది.

"లారీ రమ్మనండి బావా. సోమవారమే రమ్మనండి. పాపకు అమ్మ కనపడని ఈ ఇల్లు ఖాళీ చేస్తాండాం."

దామోదరం మొహం వెలిగింది. అది వెలిగి ఇంకా నిలవకముందే లోకేశ్వరి మిగతాది చెప్పింది.

"అయితే నా సామాను గూడూరుకు రాదు."

"మరి యాడికి పోతావు?" అన్నాడు మునిప్రసాద్.

"నేను, పాప యాడుండేదీ సాయంత్రం వచ్చి చెప్తా" అంది లోకేశ్వరి, గొడుగు తెరుస్తూ. "మీరు యాడుండేదీ అంతలోపల మీరు తేల్చుకోండి."